ఎండాకాలంలో పరుగు సాధన

గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతంలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా చేరుతుంది. ఆరోగ్యం కోసం దూరపు పరుగు సాధన చేసే యువకులను మేము వారించము. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెంలో పాల్గొన్నారు. అయితే ఎండ తీవ్రమైనప్పుడు జుహర్ నమాజునే చల్లబడే వేళకు ఆలస్యం చేయమని కూడా ఆయన బోధించారు. విధి అయిన ఆరాధనకే ఆ సౌలభ్యం ఉండగా, వ్యాయామానికి మొండిపట్టు తగునా?

ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. శరీరం వేడికి అలవాటు పడడానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. అంతవరకు దూరం, వేగం తగ్గించాలి. తల తిరిగితే వెంటనే ఆగి, నీడకు చేరాలి. మాట తడబడితే అది వడదెబ్బ కావచ్చు. తోటివారు ఒంటిపై చన్నీళ్లు పోస్తూ 108కు ఫోన్ చేయాలి.

ఈ దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాని లెక్క రేపు ఆయన సన్నిధిలో అప్పజెప్పవలసినదే.