షాపులో అందరికీ ఒకటే వైఫైనా? ముందు బిల్లింగ్ కంప్యూటర్‌ని విడదీయండి

పోయిన ఎపిసోడ్‌లో ఇంట్లో వైఫై గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, మా నాన్నగారి షాపుకి కూడా ఇదే సెటప్ సరిపోతుందా?" సరిపోదు. షాపులకి, చిన్న ఆఫీసులకి నెట్‌వర్క్ పెట్టడమే నా పని కాబట్టి, ఎందుకు సరిపోదో చెప్తాను.

ఒక బట్టల షాపు అనుకోండి. కౌంటర్ మీద బిల్లింగ్ కంప్యూటర్, పక్కన బిల్లు ప్రింటరు. గోడల మీద ఎనిమిది కెమెరాలు, వాటికి ఒక డీవీఆర్. పైన ఓనరు గారి లాప్‌టాప్. పనిచేసే వాళ్ళ ఫోన్లు ఆరేడు. ఇంకా, చీర సెలక్షన్ తేలేదాకా సోఫాలో కూర్చుని రీల్స్ చూసుకునే మగవాళ్ళు ఉంటారు, పాపం వాళ్ళకీ వైఫై పాస్‌వర్డ్ చెప్తాం. ఇవన్నీ కలిసేది ఇంటర్నెట్ వాళ్ళు బిగించిపోయిన ఒకే ఒక్క రౌటర్‌లో.

ఆ రౌటర్ ఒక్కోదానికి ఒక నంబర్ ఇస్తుంది. బిల్లింగ్ కంప్యూటర్‌కి 192.168.1.5, డీవీఆర్‌కి 192.168.1.8, సోఫాలో ఉన్న ఫోన్‌కి 192.168.1.23, అలా అన్నమాట. మామూలు సెట్టింగుల్లో మొదటి మూడు అంకెలు ఒకటే అయితే అవన్నీ ఒకే హాల్లో కూర్చున్నట్టు. ఒకదాన్ని ఇంకోటి పలకరించడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఆ ఫోన్‌లో ఏదో చెత్త యాప్ ఉందనుకోండి, అది మీ బిల్లింగ్ కంప్యూటర్ తలుపు నేరుగా తట్టగలదు.

తడితే ఏమవుతుంది అంటారా? 2017 మే 12న వానాక్రై వచ్చింది గుర్తుందా? మీలో కొందరు అప్పటికి స్కూల్లో ఉండుంటారు. విండోస్‌లో ఫైల్ షేరింగ్‌కి వాడే 445 పోర్టులో ఉన్న లోపాన్ని పట్టుకుని, ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి దానంతట అదే పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఫైళ్ళన్నీ తాళం వేసేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది! మన షాపుల్లో బిల్లింగ్ కంప్యూటర్‌కి అప్‌డేట్ అంటే "ఇప్పుడు బిజీ, తర్వాత" అంటాం. విండోస్ 10కి మామూలు సపోర్టు కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అది కూడా చూసుకోండి.

కెమెరాల కథ ఇంకోటి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, డీవీఆర్లలో దూరింది. వాటితోనే అక్టోబర్‌లో డిన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే చాలామందికి ఆగిపోయాయి. డీవీఆర్ పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి.

సరే, విడదీయడం ఎలా? ముందు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆప్షన్ ఉందేమో చూడండి. ఉంటే ఆన్ చేసి కస్టమర్ల ఫోన్లు, పనివాళ్ళ ఫోన్లు అందులోకి పంపేయండి. పేరు వేరేగా ఉంది కాబట్టి విడిపోయింది అనుకోకండి, టెస్ట్ చేయాలి. దానికి మీ ఫోన్ చాలు. మెయిన్ వైఫైలో ఉండి, బ్రౌజర్‌లో డీవీఆర్ నంబర్ కొట్టండి. లాగిన్ పేజీ వస్తుంది. ఇప్పుడు గెస్ట్ వైఫైకి మారి, మొబైల్ డేటా ఆపేసి, అదే నంబర్ మళ్ళీ కొట్టండి. పేజీ మళ్ళీ వచ్చిందా? అయితే మధ్యలో గోడ లేదు. సెట్టింగుల్లో గెస్ట్‌లు లోపలి నెట్‌వర్క్ చూడకుండా ఆపే టిక్ ఉంటుంది, అది వెతకండి.

చాలామంది చేసేది ఏంటంటే, ఇంకో రౌటర్ కొనుక్కొచ్చి, పాతదానికి తగిలించి, కస్టమర్లని కొత్తదాంట్లో పెడతారు. ఇది సరిగ్గా తలకిందులు. రౌటర్ స్వభావం చూడండి: లోపలివాళ్ళు బయటికి వెళ్తానంటే వెళ్ళనిస్తుంది, బయటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు లోపలికి వస్తానంటే రానివ్వదు. రెండో రౌటర్ లెక్కలో మొదటి రౌటర్ నెట్‌వర్క్ అంతా "బయట". కస్టమర్ రెండోదాంట్లో కూర్చుంటే, మొదటిదాంట్లో ఉన్న మీ బిల్లింగ్ కంప్యూటర్ అతనికి ఇంటర్నెట్‌కి వెళ్ళే దారిలో తగులుతుంది. తలుపు తట్టొచ్చు! అందుకే బిల్లింగ్ కంప్యూటర్, ప్రింటరు, ఓనరు లాప్‌టాప్ రెండో రౌటర్ వెనక పెట్టండి. డీవీఆర్, గెస్ట్‌లు మొదటిదాంట్లోనే ఉండనివ్వండి. లాప్‌టాప్‌లోంచి కెమెరాలు చూడొచ్చు, డీవీఆర్ మాత్రం బిల్లింగ్ దగ్గరికి రాలేదు. కేబుల్ రెండో రౌటర్ వాన్ పోర్టులోనే గుచ్చాలి. లాన్ పోర్టులో గుచ్చితే మళ్ళీ అందరూ ఒకే హాల్లో. కొత్త రౌటర్ నంబర్లు 192.168.2 తో మొదలయ్యేలా మార్చండి, లేకపోతే రెండూ గందరగోళ పడతాయి.

ఇరవై ముప్ఫై కంప్యూటర్లున్న ఆఫీసు అయితే ఈ చిట్కా కాదు, మేనేజ్డ్ స్విచ్ పెట్టి వీలాన్‌లు చేయించుకోవాలి. ఒకే స్విచ్‌ని నాలుగు స్విచ్‌లుగా పంచుకోవడం అది. చిన్న షాపుకి అంత అవసరం లేదని నా ఉద్దేశం.

బ్యాకప్ ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించే ఉన్న హార్డ్‌డిస్క్‌లో ఉంటే, ర్యాన్‌సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. రెండు డిస్కులు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడండి, పని కాగానే పీకి బీరువాలో పెట్టండి. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో పాత బిల్లు ఒకటి తెరిచి చూడండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. డేటా పోయిందంటే కష్టం షాపుదే.

చివరగా, అకౌంటెంట్ గారు ఇంటి నుంచి పని చేయాలని రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి పెడతారు చూడండి, అది రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు. పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే ప్రోగ్రాములు ఇంటర్నెట్ అంతా తిరుగుతూ దీన్నే వెతుకుతుంటాయి. పైన చెప్పిన గోడలన్నీ కట్టినా ఈ కన్నంలోంచి నేరుగా బిల్లింగ్ కంప్యూటర్ దగ్గరికే వస్తారు. దానికి బదులు వీపీఎన్ వాడాలి. ఎలా పెట్టాలో వచ్చే ఎపిసోడ్‌లో రౌటర్ ముందు పెట్టుకుని చేసి చూపిస్తాను. అప్పటిదాకా అకౌంటెంట్ గారిని షాపుకే రమ్మనండి, ఆ పోర్టు మాత్రం ఈ రాత్రికే మూసేయండి.