మూలబడిన పాత టిల్లరుకు మరల ప్రాణము



గొడ్లచావడి వెనుకనో, చింతచెట్టు క్రిందనో ఒక పాత పవరు టిల్లరు గాని, చిన్న ట్రాక్టరు గాని తుప్పుపట్టి పడియుండుట మన నల్లరేగడి గ్రామములలో క్రొత్త సంగతి కాదు. టైర్లు నేలలో దిగబడియుండును. సైలెన్సరు గొట్టములో కందిరీగలు గూడు కట్టుకొనును. పాత ఇనుము కొనువాడు వచ్చి తూకమునకు బేరమాడును. ఇంటివారు విసుగుచెంది ఇచ్చివేయుదురు. అట్లు ఇచ్చివేయుటకు ముందు ఒకసారి ఆగి ఆలోచింపుడని కోరుటకే ఈ వ్యాసము.

పాత యంత్రమును బాగుచేసి నడుపుట ఒక మంచి వేడుక. పంటపని తీరిన వేసవి దినములలో తండ్రీకొడుకులు కలిసి చేయదగిన పని. కాని వేడుక కదా అని లెక్క తప్పినచో మిరపకు దాచిన పెట్టుబడి దానిక్రింద కరగిపోవును. జాగ్రత్త తప్పినచో కాలో, చేయో, ప్రాణమో పోవును. కనుక యంత్రము మంచిచెడ్డలను ఎట్లు తెలిసికొనవలెనో, ఏ వరుసలో బాగుచేయవలెనో, మన నేలలో దేనికి వాడవలెనో క్రమముగా చెప్పెదను.

ఈ యంత్రములు ఎక్కడివి?

నేలను దున్నుటకు బదులు తిరుగు కత్తులతో గుల్లచేయు పద్ధతిని ఆస్ట్రేలియాలో ఆర్థరు క్లిఫర్డు హోవర్డు అను యువకుడు 1912లో తన తండ్రి పొలమున పరీక్షించెను. మొదట అతని కత్తులు మట్టిని ప్రక్కకు విసరివేయుచుండెను. తరువాత వాటిని ఇంగ్లీషు ‘ఎల్’ అక్షరపు ఆకారమున వంచి ఆ లోపమును సరిదిద్దెను. 1920లో హక్కుపత్రము పొందెను. నేటి రోటవేటరు కత్తులకు మూలము అదియే. అమెరికాలోను, ఇంగ్లండులోను రెండు చక్రముల తోట ట్రాక్టర్లు ఆ కాలముననే వ్యాపించినవి. ఇంగ్లండులో పాత ట్రాక్టర్లను, ఇంజన్లను కాపాడువారు 1965లో ఒక జాతీయ సంఘమునే స్థాపించుకొనిరి. వారికి అది ఆదాయమార్గము కాదు, అభిమానము.

మన దేశమున 1959లో ఐషరు కంపెనీ ఫరీదాబాదులో ట్రాక్టరు తయారీ ప్రారంభించెను. 1960లో మదరాసున టాఫే ఏర్పడెను. 1963లో మహీంద్రావారు అమెరికా ఇంటర్నేషనల్ కంపెనీతో కలిసి బి-275 ట్రాక్టరును తయారుచేయసాగిరి. 1971లో హెచ్.ఎమ్.టి.వారు హర్యానాలోని పింజోరులో జెటరు 2511ను, 1974లో పంజాబువారు స్వరాజ్ 724ను తీసికొనివచ్చిరి. టిల్లర్ల విషయమున బెంగుళూరులో వి.ఎస్.టి.వారు 1967 నుండి జపాను మిత్సుబిషి సహకారముతోను, కేరళలో 1973లో స్థాపించిన కామ్కోవారు కుబోటా సహకారముతోను పనిచేసిరి.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. పవరు టిల్లరు జపానులో చిన్న వరిమడుల కొరకు పుట్టిన యంత్రము. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప మన మెట్టభూములలో కొంత భాగము మాగాణి అయినది. అట్టిచోట దమ్ము చేయుటకు టిల్లరు తగినది. ఎండి నెర్రెలు విచ్చిన ప్రత్తిచేనిలో లోతు దుక్కి చేయుమన్నచో అది దాని శక్తికి మించిన పని. పాత యంత్రమునకు అసలే ఓర్పు తక్కువ.

బాగుచేయదగినదేనా?

పానా పట్టుటకు ముందు ఈ నాలుగు సంగతులను చూడుడు.

మొదటిది, ఇంజను సిలిండరు దిమ్మె, గేరుపెట్టె పగిలియున్నవా? పైకి కనిపించు బీటలు ఉన్నచో మానుకొనుటయే మేలు. రెండవది, ఇంజను తిరుగుచున్నదా, పట్టివేసినదా? పట్టివేసినంతమాత్రమున నిరాశ వలదు. మూడవది, గేరుపెట్టె నూనె కొద్దిగా తీసి చూడుడు. పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. ఇనుపరజను మెరసినచో పండ్లు అరిగినవి. నాలుగవది, విడిభాగములు దొరకునా? హెచ్.ఎమ్.టి. ట్రాక్టర్ల తయారీని మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. కావున అట్టి బండికి అసలు భాగములు నానాటికి అరుదగును. విజయవాడ ఆటోనగరులోని పాతసామాను అంగళ్ళలో వెదకవలెను, లేదా లేతు పనివానిచేత చేయించుకొనవలెను. ఈ నాలుగింటికి జవాబు తెలిసిన తరువాతనే ఖర్చుకు దిగుడు.

బండిమీద బిగించిన పేరుపలకను, నెంబర్లను తుడిచివేయకుడు, రంగు పూయకుడు. ఏ సంవత్సరపు ఏ రకమో చెప్పి సరియైన భాగము తెచ్చుకొనుటకు ఆ పలకయే ఆధారము.

పని వరుస

కడుగుట: మట్టి, జిడ్డు పోవునట్లు కిరసనాయిలుతోను కుంచెతోను కడుగుడు. విప్పిన ప్రతి బోల్టును దాని చోటు వ్రాసిన డబ్బాలో వేయుడు. విప్పుటకు ముందు ఫోటో తీసి ఉంచుకొన్నచో బిగించునపుడు తగవు ఉండదు.

పట్టివేసిన ఇంజను: ఇంజెక్టరు విప్పి ఆ రంధ్రములో కిరసనాయిలు, ఇంజను నూనె కలిపి పోసి కొన్ని దినములు నాననీయుడు. పిదప పెద్ద చక్రమును చేతితో ముందుకు వెనుకకు మెల్లగా ఊపుడు. సమ్మెటతో కొట్టుట, మరియొక ట్రాక్టరుకు కట్టి లాగుట కూడదు. కడ్డీ వంగును, రింగులు విరుగును. ఇంజను వదులైన తరువాత ఇంజెక్టరు బిగింపకముందే పలుమార్లు త్రిప్పి లోపలి ద్రవమును బయటికి చిమ్మునట్లు చేయవలెను. గాలి నొక్కిన నొక్కుకొనును, నూనె నొక్కిన నొక్కుకొనదు. అది లోపల మిగిలియుండగా ఇంజను అంటించినచో కడ్డీ వంగుట ఖాయము.

డీజిలు త్రోవ: పాత డీజిలు పూర్తిగా పారబోసి, టాంకి కడిగి, క్రొత్త ఫిల్టరు వేయుడు. పంపు దగ్గరి మర వదులుచేసి బుడగలు లేని డీజిలు కారువరకు గాలి తీయుడు. ‘ఎంత త్రిప్పినను అంటుకొనుటలేదు’ అను ఫిర్యాదుకు లోపల చిక్కిన గాలియే తరచు కారణము.

గాలి వడపోత: పాత ఇంజన్లలో అడుగున నూనె గిన్నె ఉండును. అందలి బురదను తీసి గీత వరకు క్రొత్త నూనె పోయుడు. మన నల్లమట్టి ధూళి లోనికి పోయినచో క్రొత్త రింగులు సైతము త్వరలో అరిగిపోవును.

నీరు: మన ప్రాంతమున అనేక బావులలో, బోరులలో ఉప్పునీరు పడును. ఆ నీటిని తొట్టిలో గాని రేడియేటరులో గాని పోసినచో పెచ్చు కట్టి ఇంజను వేడెక్కును. వాననీరు లేదా మంచి త్రాగునీరు వాడుడు.

బెల్టులు, కత్తులు: రెండు మూడు బెల్టులు కలిసి నడచుచోట ఒకటి తెగినను అన్నియు ఒకేసారి మార్చవలెను. పాతది సాగియుండుటచే బరువంతయు క్రొత్తదానిమీద పడును. రోటరీ కత్తులలో కుడివి, ఎడమవి వేరు. తారుమారుగా బిగించినచో చాలులో గట్టు మిగులును, బండి అదురును.

మొదటిసారి అంటించిన పిదప బరువు లేకుండ కొంతసేపు మెల్లగా నడపి, ఆపి, కారుచున్న చోట్లను, వదులైన బోల్టులను సరిచూడుడు. రంగు వేయుట అన్నింటికంటె చివరి పని.

మన నేలలో దేనికి వాడవలెను?

నల్లరేగడి తడిసిన జిగురు, ఎండిన రాయి. మధ్యనున్న పదును కొద్ది దినములే. జానెడు లోతు మట్టిని పిడికిట పట్టి పిసుకుడు. చేతికి అంటినచో ఆగుడు. ముద్దయై, వ్రేలితో నొక్కగానే పొడియైనచో అదను వచ్చినది. అదను లేనిచోట పాత బండిని దింపినచో నేలయు చెడును, బండియు చెడును.

అంతరకృషికి వాడదలచినవారు ముందు కొలత వేయవలెను. రోటరీ వెడల్పు 60 సెం.మీ. అనుకొనుడు. ప్రత్తి సాళ్ళ మధ్య 105 సెం.మీ. ఉన్నచో ఇరువైపుల 22 సెం.మీ.కు పైగా మిగులును. లేత పైరులో నడపవచ్చును. సాళ్ళ మధ్య 75 సెం.మీ. మాత్రమే ఉన్నచో ఇరువైపుల మిగులునది 7 సెం.మీ. చిల్లర. చేయి కొద్దిగా వణకినను మొక్క పోవును. అట్టి మిరపచేనిలో మన గుంటక, దంతి మేలు. పైరు కొమ్మలు వేసి కమ్ముకొన్న తరువాత రోటరీ దింపరాదు. పై వేళ్ళు తెగును. ఏటేట అదే లోతున రోటరీ త్రిప్పుచున్నచో దాని క్రింద గట్టిపొర ఏర్పడి వాననీరు దిగదు. కనుక నడుమ నడుమ నాగటితో లోతు మార్చవలెను.

పాత టిల్లరుకు తగిన పనులు వేరుగా కలవు. పెరటితోట, కూరగాయల మళ్ళు, నిమ్మ, బత్తాయి చెట్ల నడుమ కలుపు, మిరప నారుమడి తయారీ. నారుమడిని మీటరు వెడల్పున, 15 సెం.మీ. ఎత్తున కట్టుటకు ముందు మట్టి మెత్తగా గుల్లకావలెను. ఆ పనిని టిల్లరు చక్కగా చేయును. అర ఎకరములోపు పనికి అరక కొరకు, బాడుగ ట్రాక్టరు కొరకు ఎదురుచూడకుండ అదను దొరికిన పూటనే పని జరుగుట దీని నిజమైన లాభము.

ప్రాణభద్రత

ఈ భాగమును ఇంట యువకులచేత చదివింపుడు.

పవరు టిల్లరును త్రిప్పుటకు చేతిపిడుల దగ్గర రెండు క్లచ్చి మీటలుండును. సమనేలమీద కుడిమీట నొక్కిన కుడికి తిరుగును. పల్లమునకు దిగునపుడు బరువు బండిని త్రోయుటచే అదే మీట నొక్కిన ఎడమకు తిరుగును. కాలువగట్టు దిగునపుడు ఇది తెలియనివాడు నీటిలో పడును. దిగుడులో మీటలు ముట్టక, చిన్న గేరులో, పిడులను చేతితోనే మళ్ళించుడు.

వెనుకకు నడుపునపుడు రోటరీ తిరుగుట తప్పక ఆపవలెను. తిరుగు కత్తులు నడుపువాని కాళ్ళకు ఎదురుగా వచ్చును. చుట్టుకొన్న గడ్డిని, గుడ్డను ఇంజను ఆపిన తరువాతనే తీయవలెను.

హ్యాండిలుతో అంటించునపుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ ప్రక్కనే ఉంచుడు. పిడిని చుట్టి పట్టినచో ఎదురుదెబ్బకు వ్రేలు విరుగును. పంచె, కండువా, చీరకొంగు బెల్టుల దరికి రానీయరాదు. పాత బండికి బెల్టు మూత పోయియున్నచో రేకుతో క్రొత్తది చేయించిన తరువాతనే అంటింపవలెను.

ఇంజెక్టరును పరీక్షించునపుడు ఆ తుంపరకు చేయి అడ్డుపెట్టరాదు. అది చర్మములోనికి దూరిపోవును. చిన్న రంధ్రమే కదా అని ఊరకుండక వెంటనే ఆస్పత్రికి పోవలెను. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. పాత బ్రేకు, క్లచ్చి పట్టీలలో ఆస్‌బెస్టాసు, పాత రంగులో సీసము ఉండవచ్చును. ఆ ధూళిని ఊదక, పొడిగా గీకక, తడిగుడ్డతో తుడువుడు.

పాత ట్రాక్టర్లలో బోల్తాపడినపుడు కాపాడు చట్రము సాధారణముగా ఉండదు. కావున గట్లమీద, వాలులో వాటిని నడుపరాదు. మడ్డుగార్డుమీద పిల్లలను ఎక్కించుకొనుట మన పల్లెలలో ముద్దుగా చేయు పని. అది మానవలెను.

ఖర్చు, కాగితములు

పని మొదలిడుటకు ముందే ఎంత ఖర్చు చేయదలచితిరో ఒక పుస్తకములో వ్రాయుడు. విత్తనము, ఎరువు, కౌలు, కూలి తీసివేయగా మిగిలినదానిలోనుండియే ఆ మొత్తము రావలెను. దీనికొరకు అప్పు చేయరాదు. కొన్న ప్రతి వస్తువును ఆ పుస్తకములో వ్రాసి, అనుకొన్న మొత్తము దాటిననాడు ఆగుడు. వచ్చే వేసవి వరకు బండి ఎక్కడికిని పోదు, కాని మిరప ఆగదు. బండిని రోడ్డెక్కింపదలచినచో రిజిస్ట్రేషను, బీమా సరిగానున్నవో రవాణా కార్యాలయమున ముందుగా విచారింపుడు. పాత బండి కొనువారు యజమాని పేరు, ఇంజను నెంబరు కాగితముతో సరిపోవునో లేదో చూచిగాని సొమ్ము చెల్లింపరాదు.

గ్రామాధికారులకు మనవి

తొలకరికి ముందు ఒక దినము నిర్ణయించి, ఊరిలో మూలబడిన టిల్లర్లను, ఇంజన్లను ఒకచోట చేర్పించి, అనుభవముగల మెకానిక్కును పిలిపించినచో పదిమంది యువకులు పని నేర్చుకొందురు. 1983లో ఏర్పడిన బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల మనకు దగ్గరలోనే కలదు. యంత్రముల విషయమున అచ్చటి అధ్యాపకుల సలహా కోరవచ్చును. ఇంజను విప్పి బిగించిన యువకునికి రేపు స్ప్రేయరు చెడినను, మోటారు ఆగినను పట్నము పరుగెత్తవలసిన అగత్యము తక్కువగును.

తూకమునకు అమ్మిన యంత్రము ఒక్కపూట సొమ్ము. బాగుచేసిన యంత్రము ఏటేట పెరటిలో పని, ఇంట ఒక విద్య. ఈ వేసవిలో ముందుగా ఆ నాలుగు పరీక్షలు చేయుడు. తగినదని తేలినచో కొడుకును పిలిచి, పానా చేతికిచ్చి, పని ప్రారంభింపుడు. తగనిదని తేలినచో విచారింపక పనికివచ్చు భాగములను విప్పి దాచుకొని, తక్కినది అమ్మివేయుడు. మీ పాత ఇంజెక్టరుతో పొరుగువాని టిల్లరు నడచిన నడువవచ్చును.