ఉక్కు గోడకు కొయ్యపట్టీ

మన వైపు వడ్రంగి ద్వారబంధానికి ఇనుప హోల్డుఫాస్టులు బిగించగా, తాపీమేస్త్రీ వాటిని గోడలో కప్పివేస్తాడు. గోడ బరువే కొయ్యను పట్టి ఉంచుతుంది. కాని ఉత్తర అమెరికాలో ఇటుకకు బదులు, పలుచని ఉక్కు రేకును వంచి చేసిన నిలువు కంబాలతో గోడలు లేపే పద్ధతి ఒకటున్నది. అట్టి గోడకు వెలుపల, కిటికీల చుట్టును, చూరు అంచునను కొయ్యపట్టీలు అమర్చుతారు. ఈ రెండింటికి పొత్తు ఎట్లు కుదురునో వివరింపదలచినాము. తెలుగు పాఠం చెప్పేవారికి వడ్రంగంతో పనేమని విద్యార్థులు నవ్వవచ్చును; 'ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు' అనే సామెతలో సగం వడ్రంగిదే కదా!

కొయ్యలో దిగిన మేకును చుట్టూ ఉన్న నారలు అదిమి పట్టుకొంటాయి. ఉక్కు కంబం మందం సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. అందులో నారలు లేవు. మామూలు మేకు అక్కడ నిలువదు. అందుచేత మరమేకు, అనగా స్క్రూ, కావలె. దాని కొన ఉక్కును దాటి కనీసం మూడు మరలైనా అవతలికి రావలె. కంబాలు సాధారణంగా 16 లేక 24 అంగుళాల ఎడంలో ఉంటాయి. నడుమ జిప్సం పలక ఉన్నట్లయితే దానికి పట్టు లేదు. కంబం దొరకని చోట ముందే ప్లైవుడ్ ముక్కను కంబాలకు బిగించి ఉంచుకొనవలె.

ఇక్కడ ఒక చిక్కున్నది. మరమేకు కొయ్యలో వేగంగా దిగుతుంది, ఉక్కును తొలిచేటప్పుడు మందగిస్తుంది. ఆ తేడా వలన కొయ్య గోడను వీడి పైకి లేస్తుంది. దీనికి విరుగుడుగా కొన్ని మరమేకులకు కొన దగ్గర రెండు చిన్న రెక్కలు పెట్టినారు. అవి కొయ్యలో రంధ్రాన్ని వెడల్పు చేసి, ఉక్కు తగలగానే విరిగి పడిపోతాయి. ఈ ఉపాయం మమ్ములను ఎంతో ముగ్ధులను చేసినది.

అన్నిటికంటె పెద్ద శత్రువు తుప్పు. 2003 చివరితో అమెరికాలో ఇండ్ల పనికి వాడే కలపలో ఆర్సెనిక్ మందును చాలవరకు మానివేయగా, రాగి పాలు హెచ్చుగా గల మందులు వచ్చినవి. తడి తగిలినప్పుడు ఆ రాగి, మరమేకు మీది పలుచని జింకు పూతను తినివేస్తుంది. పట్టీ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనుక మరమేకు సన్నబడిపోతుంది. కిటికీ మీది బరువైన పట్టీ ఒకనాడు గాలికి ఊడి, దారిన పోయేవారి తలపై పడవచ్చును. కనుక స్టెయిన్‌లెస్ స్టీలు మరమేకులే మేలు. అయితే సాధారణంగా వాడే ఆ లోహం మెత్తన, ఉక్కును తొలువలేదు. ముందుగా రంధ్రం చేసుకొనవలె, లేదా కొన మాత్రం గట్టి ఉక్కుతో చేసినవి కొనవలె.

కొయ్య తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొంటుంది. ఉక్కు అట్లు చేయదు. కాబట్టి వెడల్పు పట్టీకి రంధ్రాలు కొంచెం వదులుగా ఉండవలె. పట్టీకి, గోడకు నడుమ సన్నని సందు వదలినచో లోపలికి పోయిన నీరు జారిపోయి, గాలికి ఆరుతుంది. రంగు ముందు వైపు మాత్రమే వేయడం పనివారి సాధారణ తొందరపాటు. వెనుక వైపునకు, ముఖ్యంగా కోసిన చివరలకు, బిగించక ముందే వేయవలె. నీటిని పీల్చేది ఆ చివరలే.