పదో తరగతి తరువాతి ఎంపిక: పెద్దలు తెలుసుకోవలసినవి

తెలుగు రాష్ట్రాలలో పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోవలసి వస్తుంది. కొన్ని ఇళ్లలోనైతే ఆ నిర్ణయం ఆరో తరగతిలో ఫౌండేషన్ కోర్సుకు డబ్బు కట్టిన రోజే, పిల్లల ప్రమేయం లేకుండా జరిగిపోయి ఉంటుంది. గ్రూపు అంటే రెండేళ్లు చదివే ప్రధాన విషయాల కూర్పు. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిస్తే ఎంపీసీ, గణితం స్థానంలో జీవశాస్త్రం ఉంటే బైపీసీ, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం కలిస్తే సీఈసీ, అందులో పౌరశాస్త్రానికి బదులు గణితం చేరితే ఎంఈసీ అవుతుంది. ఈ దశలో తల్లిదండ్రులు చేయగల సహాయం పిల్లల తరఫున గ్రూపును ఎంచి పెట్టడం కాదు, ఏ ఎంపిక ఏ దారిని మూసివేస్తుందో, ఏ దారిని తెరిచి ఉంచుతుందో ముందుగా తెలుసుకుని వారి ముందు ఉంచడం.

ఎంపీసీ చదివినవారు ఇంజనీరింగ్‌కు, ఆర్కిటెక్చర్‌కు వెళ్లగలరు. వైద్యం, పశువైద్యం, వ్యవసాయ శాస్త్రం వంటి కోర్సులకు సాధారణంగా బైపీసీ కావాలి. ఫార్మసీకి రెండు గ్రూపులవారూ అర్హులే. అయితే ఏ గ్రూపు వారికైనా తెరిచి ఉండే దారులు చాలామంది అనుకునేదాని కంటే ఎక్కువ. అయిదేళ్ల న్యాయశాస్త్ర కోర్సు, చార్టర్డ్ అకౌంటెన్సీలో తొలి మెట్టయిన ఫౌండేషన్ పరీక్ష, డిజైన్ విద్యాసంస్థల ప్రవేశ పరీక్షలు ఇటువంటివి. సీఏ చదవాలంటే సీఈసీ తప్పనిసరి అన్న నమ్మకం ఎంత గట్టిదో, అంత నిరాధారమైనది. జాతీయ రక్షణ అకాడమీ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది: సైనిక విభాగానికి ఏ గ్రూపు అయినా చెల్లుతుంది కాని, నౌకా, వైమానిక విభాగాలకు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి.

ఇంటర్‌ను దాటి చూస్తే, పాలిసెట్ రాసి మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరవచ్చు. డిప్లొమా ముగిశాక ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో ప్రవేశించవచ్చు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని ప్రజలు ట్రిపుల్ ఐటీ అని పిలుస్తారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలతో మొదలైన ఆ వ్యవస్థలో పదో తరగతి మార్కుల ఆధారంగా చేరినవారు ఆరేళ్ల సమీకృత కోర్సులో బీటెక్ పూర్తి చేస్తారు. ఐటీఐలో నేర్చిన పని త్వరగా సంపాదనకు దారి చూపుతుంది. చుట్టాల మధ్య చెప్పుకోవడానికి ఇవి అంత గొప్పగా ఉండవన్న కారణంతోనే చాలా ఇళ్లలో వీటి ప్రస్తావన రాకుండా పోతుంది.

ఈ చివరి విషయానికి సిద్ధాంతపరమైన వివరణ ఉంది. ఆధునిక వృత్తి మార్గదర్శకత్వానికి ఆద్యుడిగా పేరొందిన ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో వృత్తి సలహా కేంద్రాన్ని నెలకొల్పి, తనను తాను తెలుసుకోవడం, వృత్తుల స్వరూపాన్ని తెలుసుకోవడం, ఆ రెంటినీ హేతుబద్ధంగా ముడివేయడం అనే మూడు అంశాలపై ఎంపిక నిలుస్తుందని చెప్పాడు. ఎంపిక వయసు రాకముందే ఏం జరుగుతుందో 1981లో మనస్తత్వవేత్త లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ వివరించారు. ఆమె ప్రకారం పిల్లలు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య కొన్ని పనులను ఆడవారివి, మగవారివి అని వేరుచేసి పక్కన పెడతారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య సమాజంలో పరువు తక్కువని తోచిన పనులను వదిలేస్తారు. తమ అభిరుచి, సామర్థ్యం ఏమిటని చూసుకోవడం ఆ తరువాతే మొదలవుతుంది. అంటే పదో తరగతి పిల్లవాడు నాకిదే ఇష్టమని చెప్పే మాట, అప్పటికే సగం జాబితా కొట్టివేసిన తరువాత మిగిలినదాని గురించినది. ఆ కొట్టివేతలో ఇంటి మాటల వంతు చిన్నది కాదు: ఆడపిల్లకు మెకానికల్ ఎందుకని భోజనాల దగ్గర అనుకున్న మాటనో, ఎలక్ట్రీషియన్ పనిపై విసిరిన వెక్కిరింతనో తల్లిదండ్రులు మరచిపోయినా పిల్లలు మరచిపోరు.

అందువల్ల అభిరుచిని అడిగి తెలుసుకోవడం కంటే, రకరకాల పనులను దగ్గరగా చూసే అవకాశం కల్పించడం ఎక్కువ ఫలిస్తుంది. బంధువులలోనో, వీధిలోనో ఒక వృత్తిలో నాలుగైదేళ్లుగా ఉన్నవారి దగ్గరకు పిల్లలను పంపి, జీతం ఎంతని కాక, రోజు ఎలా గడుస్తుంది, విసుగు పుట్టించే భాగమేది, ఆ పనికి రావడానికి ఏం చదివారు అని అడగనివ్వాలి. మార్కులు ఒక విషయంలోని పట్టును చూపగలవు కాని, ఆ విషయంతో ముప్పై ఏళ్లు గడపగలరా అన్నది చెప్పలేవు.

డబ్బు సంగతి పిల్లల దగ్గర దాచడం మన ఇళ్లలో ప్రేమగా చెలామణి అవుతున్నది. కుటుంబం ఎంత భరించగలదో తెలియని పిల్లలు లెక్కకు అందని కలలో, అకారణమైన అపరాధభావంలో పడతారు. బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో 7.5 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు అవసరం లేదు, చదువు ముగిసిన తరువాత మరో ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదు, కాని వడ్డీ ఆ కాలానికీ లెక్కలో చేరుతూనే ఉంటుంది. తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలవుతారు కనుక ఈ లెక్క వారూ పిల్లలూ కలిసి కూర్చుని వేయవలసినదే. లాంగ్ టర్మ్ కోచింగ్, అంటే ఇంటర్ తరువాత మళ్లీ ప్రవేశ పరీక్ష రాయడానికి ఒక ఏడాది కేటాయించడం గురించి కూడా ఫలితం రాకముందే మాట్లాడుకోవాలి. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయగలరు; వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు అటువంటి పరిమితి లేకపోవడం వల్ల, ఎక్కడ ఆపాలన్న హద్దును ఇంట్లోనే గీసుకోవాలి.

నియమాలు మారుతూ ఉంటాయన్నది మరొక సంగతి. ఇంటర్‌లో జీవశాస్త్రం చదవనివారు తరువాత దానిని గుర్తింపు పొందిన బోర్డు నుంచి అదనపు విషయంగా ఉత్తీర్ణులైతే నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది. అంతవరకు వైద్యవిద్యకు ఎంపీసీ పూర్తిగా మూసిన తలుపని చెప్పినవారి మాట అక్కడితో పాతదైంది. ఏటా వెలువడే ఇటువంటి ప్రకటనలను అసలు పాఠంలో చదివి చూడడం, పరీక్షల ఒత్తిడిలో ఉన్న పదహారేళ్ల పిల్లల కంటే పెద్దలకే ఎక్కువ వీలవుతుంది.