చెప్పవలసింది ముందే చెప్పాలి

డెల్టాలో ఎగువవారు వదిలిన నీరే దిగువవారికి చేరుతుంది. ధవళేశ్వరం నుంచి కాలువలు నీరు తెస్తాయి. మురుగు నీటిని డ్రెయిన్లు సముద్రానికి చేరుస్తాయి. మధ్యలో ఎవరు ఏమి కలిపినా దిగువ గ్రామాలు అనుభవించవలసిందే. కనుక ఒక ఊళ్ళో ఫ్యాక్టరీ వస్తుందంటే అది ఆ ఒక్క ఊరి వ్యవహారం కాదు.

భీమవరం మండలం తుందుర్రులో జరిగినది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థజలాలు గొంతేరు డ్రెయిన్లో కలిస్తే తాగునీరు, వరిచేలు, చేపలవేట దెబ్బతింటాయని తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి వాసులు ఆందోళనకు దిగారు. ఫ్యాక్టరీని సముద్రతీరానికి తరలించాలన్నారు. 2016లో 144వ సెక్షన్ విధించారు. అరెస్టులు జరిగాయి. ఆ తగాదా మధ్యనే, వ్యర్థజలాలను పైపులైను వేసి సముద్రంలోకి పంపుతామని ప్రభుత్వం చెప్పింది. గోడలు లేవకముందే ఊరివారిని కూర్చోబెట్టి ఈ మాటలన్నీ మాట్లాడుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా?

ముందే మాట్లాడేందుకు చట్టంలో ఒక దారి ఉంది. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, అందులో పేర్కొన్న పెద్ద పరిశ్రమలకు, గనులకు, రేవులకు అనుమతి ఇచ్చేముందు చాలా సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాట్లు చేస్తుంది. కలెక్టరుగాని, ఆయన తరఫున మరో సీనియర్ అధికారిగాని అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక ప్రతిని జిల్లా కార్యాలయాల్లో ఎవరైనా చూడవచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ సభకు కోరం లేదు. ఊరివారు పదిమందీ రాకపోయినా సభ జరిగినట్టే. ఇది ఓటింగు కూడా కాదు. చేతులెత్తినంత మాత్రాన ఫ్యాక్టరీ ఆగదు. అయితే అక్కడ లేవదీసిన ప్రతి అభ్యంతరం రికార్డు కావాలి. దానికి కంపెనీ జవాబు చెప్పాలి. అనుమతి వచ్చాక హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళవలసివస్తే ఆ కాగితమే ఆధారమవుతుంది.

అందువల్ల సభకు వెళ్ళేవారు కేకలతో సరిపెట్టకూడదు. రోజుకు ఎంత నీరు తోడతారు? వాడిన నీరు ఏ డ్రెయిన్లోకి వదులుతారు? శుద్ధియంత్రం చెడిపోయిన రోజున ఏం చేస్తారు? ఇలాంటి ప్రశ్నలు రాసి, సంతకంతో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. నీళ్ళు మోసే ఆడవారు, వల వేసే జాలరులు, కౌలు రైతులు కూడా మాట్లాడాలి. కీడు వారికే ముందు తెలుస్తుంది.

అన్ని ఫ్యాక్టరీలకూ ఈ సభ ఉండదు. లేనిచోట పంచాయతీ గ్రామసభలో విషయం లేవనెత్తి, తీర్మానం రాయించాలి. నీరు పాడయ్యాక ధర్నా చేయడం కంటే, నెల ముందు ఒక పూట కూలి పోయినా సభకు వెళ్ళడం మేలు.