నోట బిడ్డలను మోయు తండ్రి



తొలకరి వానలకు చెఱువు నిండిన పిమ్మట కొరమీను తన పిల్లల గుంపును వెంటబెట్టుకొని తిరుగుచుండుట మీలో పలువురు చూచియే యుందురు. నీటిపై ఎఱ్ఱని నలుసులవలె పిల్లలు కదలుచుండును. వాని క్రింద పెద్దచేపలు కావలి కాయుచుండును. చేప గుడ్లు పెట్టి తనదారిని తాను పోవుననియు, దానికి బిడ్డలమీద మమకారమెక్కడిదనియు జనులందురు. పెక్కు జాతుల విషయమున నది నిజమే. కొరమీనును చూచినవారు మాత్రమా మాట అనజాలరు. నేను నేడు చెప్పబోవు చేప ఆ కావలికంటెను ఒక మెట్టు పైకి పోయినది. అందు తండ్రియే గుడ్లను నోట ధరించి, ఇంచుమించు నెల దినములు ఆహారము మాని, ఈదనేర్చిన బిడ్డలను నోటినుండియే నీటిలోనికి విడుచును. అట్టి చేపలను నేను మా యింటి అద్దపు తొట్టిలో నాలుగేండ్లుగా పెంచుచున్నాను. నేను చేసిన తప్పులతో సహా ఆ వృత్తాంతమును మీకు విన్నవించెదను.

ఈ చేపకు బంగాయి కార్డినల్ అని పేరు. కార్డినల్ అనగా రోమను కాథలిక్కు మతమున పోపునకు దిగువనుండు మతాధికారి; వారు ఎఱ్ఱని అంగీలు ధరింతురు. ఈ కుటుంబమునకు చెందిన చేపలలో కొన్ని ఎఱ్ఱనివగుటచే కుటుంబమునకంతకును ఆ పేరు కలిగినది. మన చేపకు మాత్రము ఎఱుపు లేదు. వెండివంటి మేను, దానిపై నిలువుగా మూడు నల్లని పట్టెలు, పొడవుగా సాగిన రెక్కలు, చీలిన తోక, వానినిండ ముత్యములు చల్లినట్లు తెల్లని చుక్కలు. నిడివి మూడంగుళములకు అటునిటుగా నుండును. చుక్కల అమరిక చేపకు చేపకు వేఱగుటచే, కొంత అలవాటైన పిమ్మట మందలోని ఆవులను గుర్తించినట్లు వీనిని గుర్తింపవచ్చును.

దీని పుట్టినిల్లు ఇండోనేషియా దేశమున సులవేసి దీవికి తూర్పుననున్న బంగాయి దీవులు. వాల్టర్ కౌడర్న్ అను స్వీడను దేశీయుడు 1920లో అచ్చట సేకరించిన చేపలను కౌమన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1933లో వానికి శాస్త్రనామము పెట్టెను. అందు సేకరించినవాని పేరును నిలిపెను. తరువాత అఱువదేండ్లు దాని ఊసు లోకమునకు పట్టలేదు. 1994లో జెరాల్డ్ ఆలెన్ అను మత్స్యశాస్త్రజ్ఞుడు దానిని మరల కనుగొని దాని అందమును చాటెను. ఆ చాటుటయే ఆ చేపకు చేటు తెచ్చినది. ఆ సంగతి కడపట చెప్పెదను.

ఆ దీవుల ఒడ్డున లోతులేని నిశ్చలమైన నీటిలో, జానెడేసి నల్లని ముండ్లతో బంతివలెనుండు ఒక సముద్రజంతువు కలదు. దాని ముల్లు కాలికి గ్రుచ్చుకొన్నచో లోపలనే విఱిగిపోవును. పెద్ద చేపలు దాని దరికి రావు. మన చేపపిల్లలు తమ చిన్నతనమును ఎక్కువగా ఆ ముండ్లనడుమ వెళ్లదీయును. గ్రద్ద నీడ పడగానే కోడిపిల్లలు కంపలోనికి దూఱినట్లు, ఏ మాత్రము అలికిడియైనను లోపలికి దూఱును. ఈ ముచ్చటను మఱవకుడు. పిల్లల పెంపకమున ఇది పనికివచ్చును.

ఇక జత కూర్చుట. నేను మొదట ఒక వర్తకుడు జతయని చెప్పి అమ్మిన రెండు చేపలను కొంటిని. మూడవనాటినుండి అందొకటి రెండవదానిని మూలకు తఱుముచుండెను. క్రొత్త చోటు గనుక సర్దుకొనునని నేను ఉపేక్షించితిని. పదునొకండవనాటి ఉదయమున ఆ రెండవది రెక్కలు చినిగి తొట్టి అడుగున పడియుండెను. అవి రెండును మగవే. మూడంగుళముల ప్రాణియందు అంతటి పగ యుండునని నేనెఱుగను.

ఆవును ఎద్దును గుర్తించినట్లు ఈ చేపయందు ఆడుమగలను పైచూపున గుర్తింపలేము. గుడ్లు మోయవలసిన నోరు గనుక మగదాని క్రింది దవడ వెడల్పుగా, మూలలు తీరినట్లుండును. ఆడుదాని దవడ సన్నగా నుండును. అది గుడ్లతో నిండిననాడు పొట్ట గుండ్రనగును. ఇవన్నియు చెప్పుటకు సులువు. ఒక్కచోట కుదురుగా నిలువని చేపయందు చూచుట కష్టము. నమ్మదగిన ఉపాయమొక్కటియే. ఆఱేడు చిన్నపిల్లలను తెచ్చి ఒక్క తొట్టిలో పెంచవలెను. ఏడాది లోపల అవి ఎదిగివచ్చును. అప్పుడొకనాడు రెండు చేపలు గుంపును విడిచి ఒక మూలను తమదిగా చేసికొని, దగ్గఱకు వచ్చినదానినెల్ల తఱిమికొట్టును. అదియే జత. పెద్దలు కుదిర్చిన సంబంధములు వీనియందు చెల్లవు! జత కుదిరినట్లు తెలిసిన దినముననే తక్కినవానిని వేఱు తొట్టికి మార్పవలెను. రేపు చూతమనుకొన్నచో రేపటికి ఒకటి తగ్గియుండును.

నిక్లాస్ కోల్మ్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు 2001లో ఒక వింతను ప్రకటించెను. ఆడుచేప పెద్ద మగదానితో జతకూడినప్పుడు పెద్ద గుడ్లను పెట్టుననియు, చిన్న మగదానితో కూడినప్పుడు చిన్న గుడ్లను పెట్టుననియు ఆయన పరిశీలనము. మోయువాని బలమునుబట్టి మూట కట్టుట యన్నమాట.

ఈ జాతియందు చొరవ ఆడుదానిదే. అది మగదాని ప్రక్కకు చేఱి మేనెల్ల వడవడ వణకును. మగది మొదట పట్టనట్లుండి, కొన్ని దినములకు నోరు తెఱచి తెఱచి చూపును. తుదకు ఆడుది గుడ్లనన్నిటిని ఒక్క ముద్దగా విడువగా, మగది కనుఱెప్పపాటున వానిని నోటిలోనికి తీసికొనును. ఆవగింజకంటె పెద్దవి, జొన్నగింజకంటె చిన్నవియగు నారింజవన్నె గుడ్లు, సామాన్యముగా నలువది మొదలు అఱువది. ఒక్కొక్కప్పుడు తొంబదివఱకు నుండును. సముద్రపు చేపలు పెక్కు వేలకొలది, లక్షలకొలది సూక్ష్మమైన గుడ్లను ప్రవాహమునకు విడుచుచుండగా, ఈ లెక్క ఎంత తక్కువయో గమనింపుడు. కొలదియే కని, కన్నవానిని కాపాడుకొను సంసారమిది.

అంతటినుండి మగదాని గొంతు ఉబ్బి, దవడ క్రిందికి సాగి, బుగ్గలోనికి పోకను నొక్కిన ముసలివాని ముఖమువలె నగును. మేత వేసినచో చూచును గాని ముట్టదు. నడుమనడుమ నోరు తెఱచి గుడ్లను త్రిప్పుకొనుచు వానికి క్రొత్తనీరు తగులనిచ్చును. ఇరువది దినములకు గుడ్లు పిగులును. పిల్లలు అప్పటికిని వెలికి రావు. మఱి పది దినములు తండ్రినోటనే యుండి, పెద్దచేప రూపమంతయు వచ్చిన పిమ్మట వెలువడును. అమెరికాలో అలెహాంద్రో వాజెల్లి అను నాతడు ఈ క్రమమునంతయు తొట్టిలో పరిశీలించి 1999లో సవిస్తరముగా ప్రకటించియున్నాడు.

తండ్రితనము చేపకైనను మొదటినాడే పట్టువడదు కాబోలు. నా మగచేప మొదటిసారి నాలుగవనాడు గుడ్లను మ్రింగివేసినది. రెండవసారి తొమ్మిదవనాడు. నేను మాటిమాటికి తొట్టికడకు పోయి దీపము వేసి చూచుటచే బెదరినదేమోయని నా అనుమానము. మూడవసారి తొట్టికి మూడువైపుల నల్లగుడ్డ కట్టి, మా యింటి పిల్లలను ఆ గదిలోనికి రానీక, నేనును దూరముగా నుంటిని. ఆసారి నిలిచినవి.

నోట బిడ్డలను మోయుట ఈ ఒక్క చేపకే చెల్లినదనుకొనకుడు. 1952లో మన దేశమునకు తెచ్చిన తిలాపియా ఇప్పుడు చెఱువులయందు కలుపువలె వ్యాపించియున్నది గదా. అందు తల్లి మోయును. సముద్రపు జెల్లలయందు మగదే మోయును. వాని గుడ్లు గోళీలంత యుండును. కోస్తా జాలరులకు అది క్రొత్త సంగతి కాదు.

తొట్టినిగుఱించి రెండు మాటలు. ఇవి ఉప్పునీటి ప్రాణులు. వంటయింటి ఉప్పు కలిపిన నీరు పనికిరాదు. సముద్రమున నుండు లవణములన్నియు కలిసిన ఉప్పు వేఱుగా అమ్ముదురు. లీటరు నీటికి ఇంచుమించు ముప్పదియైదు గ్రాములు కలుపవలెను. నీరు పోసిననాడే చేపను విడువరాదు. చేప మలినమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని మార్చివేయు సూక్ష్మజీవులు రాళ్లమీదను ఇసుకమీదను స్థిరపడుటకు నెల పట్టును. క్రొత్త పాలకుండలో తోడు నిలుచువఱకు ఆగినట్లు ఇక్కడను ఆగవలెను. వెచ్చదనము ఇరువదియైదు డిగ్రీలకు అటునిటుగా నుండవలెను. వేసవియందు మన ప్రాంతమున ఇదియే పెద్ద తంటా. విద్యుత్తు పోయిన వేళ గాలిపంపు నడుచుటకు బ్యాటరీ నొకదానిని సిద్ధముగా నుంచుకొనుడు.

పిల్లలు వెలువడిన తోడనే వానికి మొదటి శత్రువులు తల్లిదండ్రులే. నెల దినములు నోట మోసిన తండ్రియు, ఆకలి మీద, ఎదురుపడిన పిల్లను మ్రింగవచ్చును. కావున ఇరువదవ దినము దాటిన పిమ్మట మగదానిని, వలతో గాక గిన్నెతో, నీటితో సహా ఎత్తి వేఱు తొట్టిలో నుంచవలెను. వలలో పట్టినచో బెదరి పిల్లలను ఉమియును. ఆ తొట్టిలో ముండ్లజంతువునకు మాఱుగా నేను నల్లని ప్లాస్టికు పుల్లలను ఒక బంతికి గ్రుచ్చి వ్రేలాడవేసితిని. పిల్లలు వెలువడిన గడియలోనే ఆ పుల్లలనడుమ చేఱి ముక్కులన్నియు ఒక్కవైపునకు పెట్టి నిలిచినవి. పుట్టి గడియయైన కాలేదు. ముండ్లజంతువు నవి యెన్నడును చూడలేదు. అయినను వానికి తెలియును. పిమ్మట తండ్రిని మెల్లగా తీసివేసి, ఆడుదానితో చేర్పక రెండు మూడు వారములు విడిగా మేపితిని. లేనిచో అది వెంటనే మరల గుడ్లనెత్తుకొని చిక్కి శల్యమగును.

మేత ఆర్టీమియా. రొయ్యపిల్లల హేచరీలున్న మన తీరప్రాంతపు వారికి ఈ పేరు పరిచితమే. డబ్బాలో వచ్చు గోధుమరంగు పొడివంటి గుడ్లను ఉప్పునీటిలో వేసి గాలి పట్టించినచో ఒక్క దినములో ప్రాణముగల నలుసులు పుట్టును. చేపపిల్లలు వానిని ఆత్రముతో తినును. నాకు పుట్టిన ముప్పదియేడు పిల్లలును మూడు వారములు చక్కగా తిని పెరిగినవి. ఒక సాయంకాలము గదిలో ఇత్తడి చెంబు జారి నేలమీద పడినది. ఆ చప్పుడునకు పిల్లలు ఒక్కసారి గిఱ్ఱున తిరిగి వెల్లకిల పడినవి. తెల్లవాఱుసరికి ఇరువదియాఱు చచ్చినవి. రోగము లేదు, నీటియందు దోషము లేదు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కారణమును తరువాత తెలిసికొంటిని. ఆర్టీమియా పొట్ట నింపునే గాని, సముద్రపు చేపపిల్లల నరములకును మెదడునకును వలయు ఒక విధమైన కొవ్వు అందు మిక్కిలి తక్కువ. అది లేని పిల్లలు పైకి పుష్టిగా కనబడుచునే యుండి, చిన్న బెదురునకు కుప్పకూలును. విఱుగుడు కష్టమైనది కాదు. ఆర్టీమియా పుట్టిన తొలి గంటలలో ఏమియు తినదు. పండ్రెండు గంటలు ఆగి, పిమ్మట చేపనూనెతో చేసిన పాలవంటి ద్రవమును ఆ నీటిలో కలిపినచో అది త్రాగి ఆ కొవ్వును తన పొట్టలో నింపుకొనును. దానిని కడిగి పిల్లలకు వేయవలెను. పశువునకు వట్టి గడ్డితోపాటు చిట్టు తెలగపిండి కలిపిన తేడా వంటిదే ఇదియును. మరుసటి కాన్పున నలువదిరెండింటిలో ముప్పదియెనిమిది దక్కినవి. నేనే చెంబును పడవేసి పరీక్షించితినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

ఇంత శ్రమయేల, అమ్మకమునకు వచ్చిన చేపలను కొనరాదా యని మీరడుగవచ్చును. మొదట దాచిన సంగతి ఇదియే. ఈ చేప పిల్లలు ప్రవాహమున కొట్టుకొనిపోవు దశయే లేక పుట్టినచోటనే పెరుగును. అందుచే ఒక దిబ్బమీది చేపలను పట్టివేసినచో, పొరుగు దిబ్బనుండి వచ్చి నిండునవి యుండవు. దాని కాపురమునకు తగిన చోటంతయు కూడ ముప్పదినాలుగు చదరపు కిలోమీటర్లేయని లెక్క. 2004 నాటి పరిశీలనమున మొత్తము చేపలు ఇంచుమించు ఇరువదినాలుగు లక్షలని తేలగా, ఆ కాలమున ఏటేట ఆఱేడు లక్షలు పట్టి ఎగుమతి చేయుచుండిరని అంచనా. అచ్చటి జనులు ముండ్లజంతువును ఏఱుకొని తినుటచే దాపును కొఱవడినది. 2007లో దీనిని అపాయమున నున్న జాతుల పట్టికలో చేర్చిరి. ఆ యేడే దీని వ్యాపారమును అంతర్జాతీయ ఒడంబడికక్రింద అదుపుచేయవలెనని అమెరికా ప్రతిపాదించి, పిదప విరమించుకొనెను. 2016లో ఆ దేశము తన శాసనముక్రింద దీనిని రక్షింపవలసిన జాతిగా ప్రకటించినది. థాయిలాండు మొదలగు చోట్ల తొట్లలో పుట్టిన పిల్లలు ఇప్పుడు అమ్మకమునకు వచ్చుచున్నవి. మీ మనుమడెవ్వడైన పట్టణమునుండి ఈ చేప కావలెనని వ్రాసినచో, తొట్టిలో పుట్టినదేనా యని అమ్మువానిని అడుగుమని చెప్పుడు. సంద్రమున పట్టి దూరమునుండి తెచ్చినవానియందు చచ్చునవి పెక్కు. ఒక విధమైన అంటురోగమును కూడ వానిలో శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు.

మా యింటి ముప్పదియెనిమిదింటిలో ఇరువదింటిని ముగ్గురు స్నేహితులకు, ఒక్కొక్కరికి ఆఱు తక్కువకాకుండ, పంచియిచ్చితిని. తక్కినవి నాకడనే యున్నవి. నిన్నటి దినమున అందు రెండు గుంపును విడిచి తొట్టి ఎడమమూల నిలిచినవి. రేపు ఉదయమున రెండవ తొట్టిని కడిగి సిద్ధము చేయవలెను.