మోటౌన్ కన్నా ముందు 'ఫాల్కన్స్'

అమెరికాలోని డెట్రాయిట్ అనగానే కార్ల ఫ్యాక్టరీలు, మోటౌన్ కంపెనీ పాటలు గుర్తుకొస్తాయి. 1959లో మోటౌన్ పుట్టకముందే, 1955 నుంచి, ఆ ఊళ్ళో పాడిన ఒక బృందం గురించి మిత్రులకు చెప్పదలిచాం. దాని పేరు ఫాల్కన్స్.

ఫ్యాక్టరీ పనుల కోసం దక్షిణ రాష్ట్రాల నుంచి వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలు తమ చర్చి పాటలను కూడా వెంట తెచ్చుకున్నాయి. దేవుణ్ణి వేడుకునే అదే గొంతుతో ప్రేమపాట పాడితే 'సోల్' సంగీతమైంది. 1959లో 'యు ఆర్ సో ఫైన్', 1962లో విల్సన్ పికెట్ గొంతెత్తి పాడిన 'ఐ ఫౌండ్ ఎ లవ్' అందుకు తొలి ఉదాహరణలు.

వీరి మేనేజర్ రాబర్ట్ వెస్ట్ నడిపిన చిన్న రికార్డు సంస్థ లూపైన్. ప్రైమెట్స్ అనే అమ్మాయిల తొలి రికార్డు అక్కడే వచ్చింది. వారే తర్వాత మోటౌన్‌లో సుప్రీమ్స్ అయ్యారు.

ఫాల్కన్స్ సభ్యుల్లో మ్యాక్ రైస్ 'ముస్టాంగ్ శాలీ' రాశారు. ఎడ్డీ ఫ్లాయిడ్ 1966లో 'నాక్ ఆన్ వుడ్' పాడారు. ఈ పాటలు లోకమంతా తెలుసు, బృందం పేరే కొద్దిమందికి తెలుసు. మనకన్నా ముందు ఈ హాస్టల్లో చదివి దారి వేసినవారిని తలుచుకునే ఈ వార్షికోత్సవ వేళ, అలాంటి పేరొకటి మీ ముందుంచుతున్నాం.